నాట్లేసే మా అమ్మ ఐదేళ్లు మున్సిపల్ చైర్‌పర్సన్‌గా చేసింది. మీ ఊళ్లలో రైతులు ఆ కుర్చీలో కూర్చున్నారా?

వరిమడి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. మా అమ్మ పదవీకాలం ఈ ఏడాది (2025) జనవరిలో అయిపోయింది, ఇప్పుడు మళ్లీ పొలానికి పోతోంది. ఆ ఐదేళ్లు దగ్గరుండి చూసినదాన్ని నేనే కాబట్టి మర్చిపోకముందే రాసి పెట్టాలనిపించింది.

మాది తెలంగాణలో ఒక చిన్న ఊరు, పేరు రాయను. 2018లో మా పంచాయతీని పక్కనున్న పట్నంతో కలిపి కొత్త మున్సిపాలిటీ చేశారు. ఆ ఏడాది రాష్ట్రంలో అట్లా 68 కొత్తవి వచ్చాయి. 2020 జనవరి ఎలక్షన్లలో మా వార్డు మహిళకు రిజర్వ్ అయింది, చైర్‌పర్సన్ సీటు కూడా మహిళకే పడింది. అమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. మాకు మూడెకరాలు, చెరువు కింద వరి. ఊళ్లో నాట్ల గుంపుకు అమ్మే పెద్ద. ఎవరి మడికి ఎంతమంది, కూలి ఎంత, ఏ రోజు ఎవరి పొలం అన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. నిలబెట్టింది కూడా ఆ గుంపు ఆడవాళ్లే.

జనవరి 22న పోలింగ్, 25న లెక్కింపు, 27న చైర్‌పర్సన్ ఎన్నిక. యాసంగి నాట్లు సరిగ్గా అప్పుడే. ఆ 27న తెల్లారుజామున ఐదింటికి వెళ్లి, దమ్ము చేసిన మడిలోకి నారు కట్టలు అందించి, ఇంటికొచ్చి స్నానం చేసి, చీర మార్చుకుని ఆఫీసుకు పోయింది. ప్రమాణం చేసేటప్పుడు నేను పక్కనే ఉన్నా, గోళ్లలో నల్లమట్టి అట్లనే ఉంది. నేను చున్నీ కొంగుతో తుడవబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది, వదిలెయ్ అన్నట్టు.

చాలామంది మేయర్ మేయర్ అంటారు గానీ మన దగ్గర మేయర్ అంటే కార్పొరేషన్‌కే, మున్సిపాలిటీకి చైర్‌పర్సనే. పేరు ఏదైనా ఊరి పెద్ద కుర్చీయే కదా. మీ ఊళ్లలో వ్యవసాయం చేసుకునే వాళ్లు ఎవరైనా ఆ కుర్చీలో కూర్చున్నారా? వాళ్లకు ఏం జరిగింది? చెప్పండి, తీరిక చూసుకుని మిగతాది రాస్తా.

పాతరిజిస్టర్

చెల్లెమ్మా, చాలా బాగుంది, తప్పకుండా రాయండి. నేను మున్సిపల్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎంతోమంది చైర్మన్లను చూశాను, అందులో రైతులు ఇద్దరు. బయటి జనానికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. చైర్‌పర్సన్ చేతిలో చెక్కు ఉండదు. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, ఎజెండా చైర్‌పర్సన్ చూస్తారు, మీటింగ్ నడిపిస్తారు, కానీ ఖర్చు పెట్టేది, బిల్లు పాస్ చేసేది, సిబ్బందిని నడిపేది కమిషనర్. ఊళ్లో మాత్రం మోరి పొంగినా, కుక్క కరిచినా, వీధి లైటు పోయినా చైర్మన్ ఇంటి ముందుకే వస్తారు. రైతుకు ఇది మొదట్లో మింగుడు పడదు. పొలంలో తానే యజమాని, ఇక్కడ ప్రతిదానికీ ఫైలు.

డబ్బు సంగతి కూడా అంతే. ఆస్తి పన్ను, నల్లా బిల్లులు, ట్రేడ్ లైసెన్సులు, ఇళ్ల పర్మిషన్ల ఫీజులు, చిన్న ఊళ్లో ఇవన్నీ కలిపినా అవుట్‌సోర్సింగ్ సఫాయి వాళ్ల జీతాలకూ కరెంటు బిల్లుకూ చాలీచాలకుండా ఉంటాయి. పైనుంచి వచ్చేది కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు, అందులోనూ పదిహేనో ఆర్థిక సంఘం లెక్క ప్రకారం చిన్న పట్టణాలకు ఇచ్చేదాంట్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే పెట్టాలి. మన 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు పోవాలి. ఇక చైర్‌పర్సన్ సొంతంగా ఆలోచించి పెట్టగలిగేది ఎంత మిగులుతుందో మీరే చూడండి.

నేను చూసిన ఆ ఇద్దరు రైతుల్లో ఒకాయన ఏడాది తిరిగేసరికి ఆఫీసుకు రావడం మానేశాడు, సంతకాలకు ఫైళ్లు ఇంటికే పంపించేవాళ్లం. రెండో ఆయన మాత్రం రోజూ పొద్దున ఆరింటికి సఫాయి వాళ్ల హాజరు దగ్గర నిలబడేవాడు. కూలీల లెక్క చూసుకోవడం అలవాటైన మనిషి కదా, రిజిస్టర్‌లో ఉన్న పేర్లెన్ని, చీపురు పట్టిన చేతులెన్ని అని లెక్కపెట్టేవాడు. ఆయన ఉన్నన్నాళ్లు దొంగ హాజరు లేదు. ఇది నేను కళ్లారా చూసింది.

బజారువీధి

నేను కొంచెం వేరేగా చెప్తా, ఎవరూ బాధపడొద్దు. మాదీ అలా ఊళ్లు కలిపిన మున్సిపాలిటీయే, నాది పట్నం వైపు, మెయిన్ బజార్లో షాపు. మా దగ్గరా విలీన గ్రామం నుంచి వచ్చిన రైతే చైర్మన్ అయ్యాడు. మనిషి మంచోడే, రూపాయి తిన్నాడని నేను అనను. కానీ పన్ను ఎక్కువ కట్టేది మా బజారు, పనులు మాత్రం ఆ ఊళ్లకే పోయాయి. మా వీధిలో వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లు, షట్టర్ కిందనుంచి లోపలికి వచ్చి బియ్యం బస్తాలు తడిసిపోయేవి. ఐదేళ్లూ అడుగుతూనే ఉన్నాం. వ్యవసాయం వేరు, పట్నం నడపడం వేరు. ట్రాఫిక్, పార్కింగ్, మార్కెట్, బిల్డింగ్ పర్మిషన్లు, ఇవి తెలిసినవాళ్లు ఉండాలి అని నా అభిప్రాయం.

వరిమడి

@బజారువీధి అన్నా, మీ కోపం నాకు అర్థమవుతుంది, మా అమ్మనూ అచ్చం ఇట్లాగే నిలదీశారు, కౌన్సిల్ హాల్లో కూడా. అందుకే నీళ్ల సంగతే ముందు రాస్తా.

మా పట్నం మోరీలన్నీ చివరికి కలిసేది మా చెరువులోనే. పంచాయతీగా ఉన్నప్పుడు పట్నం వాళ్లను అడిగే దిక్కు లేదు, వాళ్లది వేరే ఆఫీసు. చెరువు మీద గుర్రపుడెక్క దుప్పటి కప్పినట్టు ఉండేది. ఆ నీళ్లలో దిగి నాట్లేస్తే సాయంత్రానికి కాళ్లు దురద, వేళ్ల సందుల్లో పుండ్లు. అమ్మ కాళ్లకు రోజూ రాత్రి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది నేనే. పట్నంలో ఉండేవాళ్లకు మోరి అంటే ఇంటి ముందునుంచి నీళ్లు పోతే పని అయిపోయినట్టే. ఆ నీళ్లు పోయి ఆగేది మా మడిలో.

మొదటి మీటింగులోనే అమ్మ ఈ మాట ఎత్తింది. అప్పుడే రాష్ట్ర ప్రభుత్వం పట్టణ ప్రగతి కార్యక్రమం మొదలుపెట్టింది (2020 ఫిబ్రవరి 24), అధికారులు వార్డులు తిరుగుతున్నారు. ఇంజనీరు సారు మురుగు శుద్ధి ప్లాంటుకు అంచనా చెప్పాడు, అది మా మున్సిపాలిటీ పదేళ్లు పన్నులు వసూలు చేసి దాచిపెట్టినా అయ్యేది కాదు. వెంటనే మార్చిలో కరోనా వచ్చింది, ఇక హైపోక్లోరైట్ కొట్టించడం, మాస్కులు, బియ్యం, ఆ ఏడాదంతా అదే సరిపోయింది. ఆ టెన్షన్‌లో చెరువు మాట ఎవరికీ గుర్తులేదు.

2021లో మళ్లీ పట్టుకుంది. పైన పెద్దాయన చెప్పిన పారిశుధ్యం వాటా డబ్బుతోనే చెరువుకు ముందు రెండు పెద్ద గుంతలు, నీళ్లు నిలబడి బురద అడుగుకు దిగేలా. దానికి ఒక కొత్త మోరి. ఎక్కువ ఖర్చు కూడా కాదు. అయినా సగం మంది కౌన్సిలర్లు మా వార్డులో సీసీ రోడ్డు ముందు అన్నారు. నాలుగు మీటింగులు పట్టింది.

మోరి కట్టారు. కట్టినరోజు సాయంత్రం అమ్మ ఇంట్లోంచి స్టీలు బిందె పట్టుకుని పోయింది. బోరింగు దగ్గర నింపి, మోరి మొదట్లో పోసింది. నీళ్లు పది పదిహేను అడుగులు పోయి ఆగాయి, నెమ్మదిగా వెనక్కి తిరిగాయి. ఒక ఎండు వేపాకు ఉంది ఆ నీటి మీద, అది ముందుకు పోయి, ఆగి, మళ్లీ మా కాళ్ల దగ్గరికి వచ్చింది. కాంట్రాక్టరు మనిషి "పెద్ద నీళ్లొస్తే అదే పోతదమ్మా" అన్నాడు. "నీళ్లు పల్లానికే పోతయి బిడ్డా, నీ బిల్లు కోసం ఎత్తుకు ఎక్కవు" అంది. కమిషనర్ సారుకు అక్కడే నిలబడి ఫోన్ చేసింది. ఆయన మంచివాడు, మర్నాడు వచ్చి చూసి బిల్లు ఆపాడు. నలభై అడుగుల దాకా పగలగొట్టి మళ్లీ పోయించారు.

మీ బజార్లో నీళ్లెందుకు నిలుస్తున్నాయో కూడా ఒకసారి చూడండన్నా. మా దగ్గర బజారు మునగడానికి కారణం బజార్లో లేదు. కింద కుంటలోకి పోయే పాత కట్టుకాల్వను పూడ్చి ప్లాట్లు చేశారు. అమ్మకు ఆ కాల్వ తెలుసు, చిన్నప్పుడు అందులో చేపలు పట్టింది. రికార్డులు తీయించి, దారి తెరిపించేసరికి మూడేళ్లు పోయాయి, మూడొంతులే తెరుచుకుంది. మిగతా వంతు మీద ఇళ్లు ఉన్నాయి, వాళ్లూ అప్పులు చేసి కొనుక్కున్నవాళ్లే. ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు.

కోనసీమగాలి

బిందె సంగతి చదివి మా పెదనాన్న గుర్తొచ్చారండి. మాది ఆంధ్రా వైపు, కొబ్బరి, వరి. ఉమ్మడి రాష్ట్రంలో చైర్మన్‌ని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్న రోజులు ఉండేవి కదా, అప్పుడు ఆయన గెలిచారు. ఇప్పుడైతే కౌన్సిలర్లు చేతులెత్తి ఎన్నుకుంటారు, ఎమ్మెల్యే, ఎంపీలకు కూడా ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) ఓటు. నేరుగా గెలిచినవాడికి జనం ముందు నిలబడే ధైర్యం ఉంటుందండి, ఇప్పటి చైర్మన్ పొద్దున లేస్తే కౌన్సిలర్ల మొహాలు చూసుకోవాలి.

2021 మార్చి ఎన్నికల్లో మా బావ కౌన్సిలర్ అయ్యాడు, ఆయనా రైతే. అదే ఏడాది మా దగ్గర ఇంటి పన్ను అద్దె లెక్క నుంచి ఆస్తి విలువ లెక్కకు మార్చారు. ఏడాదికి 15 శాతం కంటే పెరగదు అని పెట్టారు గానీ, జనం పట్టుకున్నది బావని. చట్టం చేసింది ఎవరో, గడప ముందు తిట్లు తిన్నది ఎవరో. రెండేళ్లు మా అక్క పెళ్లిళ్లకి వెళ్లడం కూడా తగ్గించేసింది, ఎవరేం అడుగుతారోనని.

ఓరుగల్లుదారి

వరిమడి అక్కా, మా వైపు గంగదేవిపల్లి గురించి విని ఉంటారు, గీసుగొండ మండలం. 1990ల్లో వేరే పంచాయతీ అయినప్పటి నుంచి నీళ్లకు ఒక కమిటీ, బడికి ఒక కమిటీ, చెత్తకు ఒక కమిటీ అని ఊరంతా పనిలోకి దిగింది. అట్లాగే మహారాష్ట్రలో హివ్రే బజార్. పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యాక సాగుకు బోర్లు వద్దని, చెరకు లాంటి నీళ్లు తాగే పంటలు వద్దని ఊరంతా కూర్చుని ఒప్పుకున్నారు, ఏటా వాన లెక్కపెట్టి దాన్నిబట్టే ఏ పంట వెయ్యాలో తేల్చుకుంటారు. ఆయనకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

నేను అడిగేది ఏమిటంటే, ఇవన్నీ పంచాయతీలు. సర్పంచ్‌కు చెక్ పవర్ ఉంది (మన దగ్గర ఉపసర్పంచ్‌తో కలిపి), గ్రామసభ ఉంది, అందరూ అందరికీ తెలుసు. పట్నంలో గ్రామసభ లాంటిది లేదు, వార్డు కమిటీలు కాగితం మీదే. ఊళ్లను తీసుకెళ్లి మున్సిపాలిటీలో కలిపినప్పుడే రైతు చేతిలో ఉన్న ఆ కాస్త అధికారం కూడా పోయింది అని నాకనిపిస్తుంది. మీ అమ్మగారు సర్పంచ్ అయి ఉంటే ఆ గుంతలు ఆరు నెలల్లో అయిపోయేవి కాదా?

విలీనంలోపోయినం

ఓరుగల్లు అన్న చెప్పింది నూటికి నూరు నిజం. మాది కూడా కలిపిన ఊరే. అందరూ రోడ్లు, లైట్లు అంటున్నారు, అసలు దెబ్బ ఉపాధి హామీ. ఆ చట్టం పల్లెలకే. బోర్డు మీద మున్సిపాలిటీ అని రాయగానే మా ఊళ్లో జాబ్ కార్డులన్నీ పనికిరాకుండా పోయాయి. ఎండాకాలం చెరువు పూడిక తీసి నాలుగు రూపాయలు కళ్లజూసే ఆడవాళ్లు, ఇప్పుడు ఆటో ఎక్కి ఇరవై కిలోమీటర్లు పోతున్నారు మిర్చి ఏరడానికి. ఊరు మారింది ఏం లేదు, అవే పొలాలు, అవే బర్రెలు. ఇంటి పన్ను మాత్రం పట్నం పన్ను. వరిమడి గారూ, మీ అమ్మగారు దీని గురించి ఏమైనా చేయగలిగారా?

వరిమడి

@విలీనంలోపోయినం అన్నా, లేదు. చేయలేకపోయింది. తీర్మానం చేసి పంపింది, రెండుసార్లు హైదరాబాద్ కూడా పోయి వచ్చింది. చట్టంలోనే లేనిది మున్సిపాలిటీ ఇవ్వలేదు అన్నారు. తన గుంపులో ఆడవాళ్లు పద్నాలుగు మంది, అందరి కార్డులూ పోయాయి. ఒకామె మా ఇంటి గడపలో కూర్చుని "నిన్ను గెలిపించుకుంటే మాకు పని పోయింది" అంది. కలిపింది అమ్మ గెలవకముందే, ఆమెకూ తెలుసు అది. అయినా అమ్మ ఒక్క మాట బదులు చెప్పలేదు, ఆ రాత్రి అన్నం తినలేదు. నర్సరీలో, మొక్కలకు నీళ్లు పోసే పనిలో ఐదుగురిని పెట్టించగలిగింది, అంతే.

@ఓరుగల్లుదారి, సర్పంచ్ అయి ఉంటే గుంతలు తొందరగా అయ్యేవేమో గానీ, పట్నం మోరి మీద మాట చెల్లేది కాదు కదా. రెండూ ఒకే కౌన్సిల్ కిందికి వచ్చాయి కాబట్టే ఆ మాట ఎత్తే వీలు దొరికింది. అందుకే విలీనాన్ని పూర్తిగా తిట్టలేను, పొగడనూ లేను.

అయోవాలోతెలుగోడు

నేను ఇక్కడ అమెరికాలో మొక్కజొన్న రైతుల మధ్య ఉంటున్నాను, చిన్న ఊరు. ఇలాంటి ఊళ్లలో మేయర్ పార్ట్‌టైమ్ పని, రైతులు, రిటైరైనవాళ్లు చేస్తుంటారు. నేను ఒక్క విషయం గమనించాను. కౌన్సిల్ మీటింగ్ సాయంత్రం పెడతారు, పనులు ముగించుకుని అందరూ వస్తారు, ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. మన దగ్గర పొద్దున పదకొండింటికి పెడితే కూలికి పోయేవాళ్లు, పొలంలో ఉన్నవాళ్లు ఎలా వస్తారు? ఇంతకీ అక్కా, ఆ ఐదేళ్లు మీ పొలం ఎవరు చూశారు?

వరిమడి

అన్నా, మొదటి రెండు పంటలు నాన్న లాక్కొచ్చాడు, తర్వాత రెండెకరాలు కౌలుకిచ్చాం. ఒక ఎకరం మాత్రం అమ్మ వదల్లేదు. నాన్న గురించి కూడా చెప్పాలి. మహిళా చైర్‌పర్సన్ అనగానే ఆఫీసులో అందరూ మొదటి వారం నాన్న కోసం కుర్చీ వేశారు. అట్లా అలవాటు. నాన్న వచ్చి, ఆ కుర్చీ తీసి గోడ పక్కన పెట్టి, బయట చెట్టు కింద కూర్చున్నాడు. ఫైళ్లు అమ్మే చదివేది, నెమ్మదిగా, వేలు పెట్టి. అర్థం కాని ఇంగ్లీషు ముక్కలు రాత్రి నన్ను అడిగేది. ఒక్కో ఫైలు గంట పట్టేది. ఆఫీసువాళ్లకు విసుగు వచ్చినా ఎవరి మాట మీదా సంతకం పెట్టలేదు.

2023లో మూడేళ్లు నిండగానే రాష్ట్రమంతా అవిశ్వాసాలు మొదలయ్యాయి, మీకు గుర్తుండే ఉంటుంది. మా దగ్గరా నోటీసు ఇచ్చారు. ఆ మోరి పగలగొట్టించిన దగ్గర్నుంచే కొందరికి కంటగింపు. కౌన్సిలర్లను క్యాంపుకు తీసుకుపోయారు, పన్నెండు రోజులు ఫోన్లు లేవు. మాకు కూడా చెప్పారు, మీరూ క్యాంపు పెట్టండి, మనిషికి ఇంత అని. పెట్టాలంటే ఎకరం అమ్మాలి. అమ్మ అమ్మనంది. ఓటింగ్ రోజు కావాల్సినంత మంది రాలేదు, అది వీగిపోయింది. ఎందుకు రాలేదో ఇప్పటికీ మాకు సరిగ్గా తెలీదు. ఇద్దరు మాత్రం తర్వాత ఇంటికొచ్చి, మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఒప్పుకోలేదమ్మా అన్నారు.

అప్పు మాత్రం ఉంది. ఎలక్షన్ ఖర్చు, పెళ్లిళ్లకూ చావులకూ పెట్టుబడులు, వచ్చినవాళ్లకు చాయ్, ఆసుపత్రికి పోయేవాళ్లకు చేతిలో పెట్టినవి. గౌరవ వేతనం వాటిలో ఏ మూలకూ రాలేదు. ఇంకా కడుతున్నాం.

బజారువీధి

వరిమడి గారూ, నిన్న మా మున్సిపల్ మ్యాప్ తీయించి చూశాను. మా బజారు వెనక కూడా ఒక కాల్వ గీత ఉంది. ఇప్పుడు అక్కడ కాంప్లెక్స్. మా చైర్మన్ దాని గురించి మీటింగులో అడిగాడని పాత కౌన్సిలర్ ఒకరు చెప్పారు, మేమెవరం పట్టించుకోలేదు, ఆ కాంప్లెక్స్‌లో మావాళ్ల షాపులూ ఉన్నాయి. ఆయన్ని ఒకసారి కలవాలి.

పాతరిజిస్టర్

బజారువీధి గారూ, కలవండి. వెళ్లేటప్పుడు పాత గ్రామ నక్ష కాపీ కూడా పట్టుకెళ్లండి, మున్సిపల్ మ్యాప్ కంటే అందులో వాగులు, కాల్వలు బాగా కనిపిస్తాయి. చెల్లెమ్మా, మళ్లీ ఎలక్షన్లు వస్తే అమ్మగారు నిలబడతారా?

వరిమడి

అందరూ అదే అడుగుతున్నారు సార్. నేనూ అడిగా. సీటు ఎవరికి రిజర్వ్ అవుతుందో ఎవరికి తెలుసు అంది, ఇంకేం మాట్లాడలేదు. నాకైతే మనసులో రెండూ ఉన్నాయి. అప్పు చూస్తే వద్దనిపిస్తుంది, ఆ చెరువు చూస్తే ఇంకో ఐదేళ్లు ఉంటే బాగుండు అనిపిస్తుంది.

ఇప్పుడు (2025లో) కౌన్సిల్ లేదు, ఆఫీసు స్పెషల్ ఆఫీసర్ చేతిలో ఉంది. రెండో గుంతలో పూడిక నిండిపోయింది, ఆరు నెలలకోసారి తీయాలని రాసిపెట్టారు, తీయలేదు. నీళ్లు పైనుంచి పొర్లి మళ్లీ చెరువులోకే పోతున్నాయి. అమ్మ రెండుసార్లు ఆఫీసులో చెప్పి చూసింది. పోయిన సోమవారం కాగితం రాయించుకుని కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయింది, నేను బండి మీద దింపా. లైన్‌లో చాలామంది గుర్తుపట్టారు, మేడం మీరు ముందుకు పోండి అన్నారు. పోలేదు, తన వంతు వచ్చేదాకా నిలబడింది. అర్జీ ఇచ్చి, రశీదు తీసుకుని, మడిచి కొంగున కట్టుకుంది. ఈ సోమవారం వరకు ఎవరూ రాకపోతే మళ్లీ పోదామంది.